నృత్య చలన చికిత్స: తల్లిదండ్రులు, పిల్లల అనుబంధం (మియాపూర్, సైబరాబాద్ నేపథ్యంలో)

శరీరం కదలికను ఆధారం చేసుకుని మనసుకు చేసే చికిత్స నృత్య చలన చికిత్స. వాడుకలో డాన్స్ థెరపీ అనీ, డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అనీ అంటారు. ఇందులో అడుగులు నేర్పరు, తాళం తప్పితే దిద్దరు, చివర్లో ప్రదర్శన ఉండదు. మనిషి ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు, ఎదుటివాళ్ళు దగ్గరికొస్తే ఒళ్ళు బిగుస్తుందా సడలుతుందా, ఊపిరి ఎక్కడ ఆగుతోంది అన్నవి థెరపిస్టు గమనిస్తారు. అక్కడి నుంచే పని మొదలవుతుంది. తల్లిదండ్రులు, పిల్లల విషయంలో ఈ చికిత్సకు ఒక ప్రత్యేకత ఉంది. గదిలోకి బిడ్డ ఒక్కడే వెళ్ళడు. అమ్మో నాన్నో, వీలైతే ఇద్దరూ, వాడితో పాటు చాప మీద కూర్చోవాలి. ఇక్కడ నయం కావలసింది వాళ్ళ నడుమ నడిచే రాకపోకలు.

హైదరాబాద్‌కు వాయవ్యంగా, శేరిలింగంపల్లి మండలంలో ఉన్న మియాపూర్ ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఈ ప్రాంతానికి సైబరాబాద్ అనే పేరు స్థిరపడింది. 2017 నవంబరు 28న నగర మెట్రో తొలి దశను ప్రధాని ప్రారంభించింది మియాపూర్ స్టేషన్‌లోనే. ఇక్కడి నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు. మదీనాగూడ, హఫీజ్‌పేట్, నిజాంపేట్, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు లేచిన అపార్ట్‌మెంట్లు ఉద్యోగుల కుటుంబాలతో నిండాయి. రాత్రి భోజనాల వేళ దాటాక మియాపూర్ రోడ్డు మీద కోస్తాకూ రాయలసీమకూ వెళ్ళే ప్రైవేటు బస్సుల కోసం బ్యాగులతో నిలబడ్డవాళ్ళను చూస్తే, ఇక్కడి కుటుంబాల వేళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. అమ్మమ్మ ఒడి, తాతయ్య భుజం, పెదనాన్న పిల్లలతో వాకిట్లో దొర్లే ఆట, ఇవన్నీ సెలవులకు మాత్రమే దొరికేవిగా మారాయి. ఇంట్లో మిగిలింది ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరో ఇద్దరో పిల్లలు, అమెరికా వేళలకు నడిచే మీటింగులు.

మాట రాకముందే

నెలల బిడ్డకు భాష లేదు, సంభాషణ మాత్రం ఉంది. బిడ్డ కాలు తన్నితే తల్లి తల ఊగుతుంది. బిడ్డ ఊ కొడితే తల్లి గొంతు అదే ఎత్తుకు లేస్తుంది. బిడ్డ అలిసి చూపు తిప్పుకుంటే తల్లి కాసేపు ఆగుతుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన కోల్విన్ ట్రెవార్థెన్ ఈ రాకపోకలను సినిమా రీళ్ళ మీద చిత్రించి, వాటిలో సంగీతానికి ఉండే లయ, ఎత్తుపల్లాలు ఉన్నాయని చూపించాడు. అమెరికా మనోవైద్యుడు డేనియల్ స్టర్న్ 1985లో వెలువరించిన పుస్తకంలో ఇంకో సంగతి పట్టుకున్నాడు. తల్లి బిడ్డ చేసిన పనిని మక్కీకి మక్కీ చేయదు. దాని వేగాన్నీ బలాన్నీ తీసుకుని మరో రూపంలో తిరిగి ఇస్తుంది. బిడ్డ బొమ్మను నేలకేసి టపటపా కొడుతుంటే తల్లి అదే వేగంతో తల ఆడిస్తూ గొంతు కలుపుతుంది. తన లోపల ఉన్నది అవతలి మనిషికి తెలిసిందని బిడ్డ గ్రహించేది అలాంటి క్షణంలోనే.

ఈ సంభాషణ ఆగిపోతే ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చూపించింది. తల్లి కాసేపు బిడ్డతో మామూలుగా ఆడుతుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపే చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేక వేస్తుంది. ఏదీ పనిచేయకపోతే ఒళ్ళు విరుచుకుంటుంది, చివరికి మొహం తిప్పేసుకుని తనలోకి ముడుచుకుపోతుంది. ఫోను మీద చూపు నిలిచిపోయిన ముఖం కూడా బిడ్డకు ఇలాంటి కదలని ముఖమే.

ట్రానిక్ చెప్పిన మరో మాట తల్లిదండ్రులకు పెద్ద ఊరట. ఏ ఇబ్బందీ లేని తల్లీబిడ్డల జంటల్లో కూడా ఇద్దరి భావాలూ సరిగ్గా జతకూడి ఉండేది సుమారు 30 శాతం సమయమే. తక్కిన సమయమంతా తప్పిపోతూ, మళ్ళీ కలుస్తూ సాగుతుంది. బిడ్డకు నమ్మకం కుదిరేది ఎప్పుడూ తప్పిపోకపోవడం వల్ల కాదు, తప్పిన ప్రతిసారీ అమ్మ తిరిగి వస్తుందని తెలియడం వల్ల. తల్లిదండ్రులతో చేసే డాన్స్ థెరపీ మొత్తం ఈ తిరిగి కలుసుకోవడం చుట్టూనే అల్లుకుని ఉంది. రోజంతా ఆఫీసులో ఉండి వచ్చే అమ్మానాన్నలకు కావలసింది కూడా ఇదే. పోయిన గంటలను తిరిగి తేలేరు. ఇంటికి వచ్చిన మొదటి పావుగంటలో బిడ్డను ఎలా కలుసుకోవాలో మాత్రం నేర్చుకోగలరు.

కలిసి కదలడానికి ఉన్న బలం గురించి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2014లో ఒక ముచ్చటైన అధ్యయనం ప్రచురించింది. 14 నెలల పిల్లలను ఒకరు ఎత్తుకుని పాటకు ఊపుతుంటే, ఎదురుగా నిలబడ్డ కొత్త మనిషి కొందరు పిల్లలతో లయ కలిపి ఊగింది, కొందరితో లయ తప్పి ఊగింది. తర్వాత ఆమె చేతిలోంచి వస్తువు జారిపడినప్పుడు, తనతో లయ కలిసిన పిల్లలు దాన్ని అందించడానికి ఎక్కువగా ముందుకు వచ్చారు. ఏడాది దాటిన బిడ్డ కూడా తనతో కలిసి ఊగిన మనిషిని తన మనిషిగా లెక్క వేసుకుంటుంది. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ ఫెల్డ్‌మన్ బృందం మూడు నెలల పిల్లలనూ తల్లులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి గుండె కొట్టుకునే తీరు నమోదు చేస్తే, చూపులూ గొంతులూ కలిసిన వేళల్లో ఇద్దరి గుండెల లయా దగ్గరపడింది.

దారి వేసినవాళ్ళు

ఈ చికిత్సకు ఆద్యులంతా దాదాపు స్త్రీలే. వాషింగ్టన్‌లో నాట్యం నేర్పే మేరియన్ చేస్ (1896–1970), కొందరు విద్యార్థులు అడుగుల కోసం కాక మనసు తేలికపడడం కోసం వస్తున్నారని గమనించింది. 1942లో సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో పని మొదలుపెట్టింది. యుద్ధం నుంచి తిరిగొచ్చి మాట పోగొట్టుకున్న సైనికుల ముందు నిలబడి, వాళ్ళ చిన్న కదలికను తన ఒంటి మీదకు తెచ్చుకుని తిరిగి చూపడం ఆమె పద్ధతి. 1966లో అమెరికా నృత్య చికిత్సకుల సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమే.

తల్లీబిడ్డల వైపు దారి మళ్ళించింది జూడిత్ కెస్టెన్‌బర్గ్. పోలండ్‌లో 1910లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఈ పిల్లల మనోవైద్యురాలు, పసిపిల్లల ఒంట్లో బిగువు ఎప్పుడు పెరుగుతోందో ఎప్పుడు సడలుతోందో చూస్తూ కాగితం మీద పెన్సిల్‌తో అలల్లాంటి గీతలు గీసేది. పాలు తాగేటప్పుడు ఒక లయ, పళ్ళు వచ్చే వయసులో కొరికేటప్పుడు మరొకటి, నడక వచ్చాక పరుగులో ఇంకొకటి. వయసుతో పాటు మారే ఇలాంటి పది లయలను ఆమె గుర్తించింది. తల్లి సహజ లయ ఒకటి, బిడ్డది మరొకటి అయితే ఇద్దరికీ కారణం తెలియని చిరాకు పుడుతుంది. చకచకా పనిచేసే తల్లికి, ఒక్కో మెతుకూ చప్పరించే బిడ్డ మొండిగా కనిపిస్తాడు. బిడ్డ మొండీ కాదు, తల్లి కఠినురాలూ కాదు. వేగాలు కలవలేదు, అంతే. ఈ ఒక్క మాట విని భుజాల మీది బరువు దించుకునే తల్లులు మన ఇళ్ళల్లో చాలామంది ఉంటారు. కెస్టెన్‌బర్గ్ 1972లో లాంగ్ ఐలండ్‌లో తల్లిదండ్రులకూ పిల్లలకూ కలిపి ఒక కేంద్రం నెలకొల్పింది. ఆ దారిలోనే న్యూయార్క్‌కు చెందిన సూజీ టోర్టోరా పసిపిల్లలతో చేసిన పనిని 2006లో పుస్తకంగా తెచ్చింది.

ఇంగ్లండ్‌లో వెరోనికా షెర్బోర్న్ (1922–1990) మరో తోవ తొక్కింది. కదలికను బరువు, కాలం, స్థలం, ప్రవాహం అనే నాలుగు కోణాల్లో విడదీసి చూపిన రుడాల్ఫ్ లాబాన్ దగ్గర ఆమె చదువుకుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేస్తూ, జంటగా కదలడంలో మూడు రకాల సంబంధాలు ఉన్నాయని చెప్పింది. ఒకరు రెండోవారిని మోయడం, ఇద్దరూ సమానంగా బరువు పంచుకోవడం, ఒకరి బలాన్ని మరొకరు ఎదిరించడం. పెద్దవాళ్ళు కాళ్ళు చాచి కూర్చుని బిడ్డను మధ్యలో ఉంచుకుని ఊపడం మొదటిది. ఎదురెదురుగా చేతులు పట్టుకుని పడవ నడిపినట్టు ముందుకూ వెనక్కూ వాలడం రెండోది. నాన్న బండరాయిలా కూర్చుంటే బిడ్డ వెనక నుంచి శక్తి కొద్దీ నెట్టడం మూడోది. ఆ బండరాయి చివరికి దొర్లి పడాలి. తన బలానికి నాన్న కదిలాడన్న సంతోషం బిడ్డకు దక్కాలి.

గదిలో జరిగేది

ఒక సెషన్ సాధారణంగా ముప్పావుగంట నుంచి గంట వరకు నడుస్తుంది. కావలసినవి కొద్ది: జారని నేల, చాపలు, ఒక పెద్ద బంతి, రెండు మూడు చున్నీలు, ఒక దుప్పటి, చిన్న డప్పో స్పీకరో. మొదటి రెండు మూడు కలయికల్లో థెరపిస్టు ఎక్కువగా చూస్తారు. బిడ్డ ఆటలో మునిగి ఉంటే తల్లి ఎంత దూరంలో కూర్చుంది? బిడ్డ వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆమె చూపు అక్కడే ఉందా? తండ్రి బిడ్డను ఎత్తుకునేటప్పుడు ఒంటికి ఆనించుకుంటున్నాడా, చేతులు చాచి దూరంగా పట్టుకుంటున్నాడా? వీటిలో తప్పొప్పుల లెక్క ఉండదు. చాలాచోట్ల వీడియో తీసి, తర్వాత తల్లిదండ్రులతో కలిసి చూస్తారు. తాము గమనించని ఒక చిన్న క్షణంలో బిడ్డ తమ కోసం చెయ్యి చాచడం తెర మీద కనిపించినప్పుడు తల్లిదండ్రుల ముఖం మారుతుంది.

ఆ తర్వాతి పనిలో మొదటి మెట్టు బిడ్డ వెంట వెళ్ళడం. బిడ్డ గది చుట్టూ పరిగెడితే తల్లి కూడా అదే వేగంతో వెంట నడుస్తుంది. బిడ్డ ఆగితే ఆగుతుంది, నేల మీద పడుకుంటే పడుకుంటుంది. ఏ సూచనా లేదు, ప్రశ్న లేదు, శభాష్ కూడా లేదు. దీన్ని అద్దం ఆట అనవచ్చు. చెప్పినంత తేలిక కాదు. బిడ్డకు ఏదో ఒకటి నేర్పకుండా పది నిమిషాలు గడపడం చదువుకున్న తల్లిదండ్రులకు చాలా కష్టం. ఇది ఏం రంగు, అది ఎన్ని ఉన్నాయి, ఇంకోసారి చెప్పు అని నోటి దాకా వచ్చేస్తాయి. ఆ మాటలు తగ్గిన కొద్దీ బిడ్డ చూపు తల్లి ముఖం వైపు తిరగడం పెరుగుతుంది.

రెండో మెట్టు వంతులు. ఒక అడుగు నువ్వు, ఒక అడుగు నేను. బిడ్డ రెండుసార్లు చప్పట్లు కొడితే తల్లి రెండుసార్లు కొట్టి, మూడోది కావాలనే ఆపుతుంది. ఆ ఆగిన క్షణంలో బిడ్డ ఎదురుచూస్తాడు, ఊపిరి బిగబడతాడు, నవ్వుతాడు. కావాలని తప్పిపోయి మళ్ళీ కలుసుకోవడాన్ని ఆటగా మార్చడం ఇది. కోపం ఎక్కువున్న పిల్లలతో నెట్టే ఆటలు, దిండును గట్టిగా పిండే ఆటలు ఉంటాయి. వేరు పడలేని పిల్లలతో చున్నీ రెండు చివరలూ పట్టుకుని దూరం జరిగే ఆట ఉంటుంది. ఎంత దూరం పోయినా చేతిలో గుడ్డ బిగువుగా ఉంటుంది, అవతలి చివర అమ్మ ఉంది. చివరి ఐదు నిమిషాలు శాంతించడానికి. అమ్మా నాన్నా దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని బిడ్డను నెమ్మదిగా ఊపుతారు, లేదా ముగ్గురూ వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకుని ఊపిరి గమనిస్తారు.

టీనేజీ పిల్లల దగ్గర పద్ధతి మారిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూడమంటే వాళ్ళు గది వదిలి వెళ్తారు. పక్కపక్కన నడవడం, బంతి విసురుకోవడం, వాళ్ళకు నచ్చిన పాటకు వాళ్ళు చేసే కదలికను తండ్రి నేర్చుకోవడం, ఇలా పక్కదారిలో వెళ్ళాలి.

మన ఇళ్ళలో ఉన్నదే

ఈ పద్ధతులను చూసిన తెలుగువాళ్ళకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. బిడ్డను వీపున మోసే ఉప్పుమూట, ఎదురెదురుగా చేతులు పెనవేసి బరువు పంచుకుంటూ గిర్రున తిరిగే ఒప్పులకుప్ప, అరచేతులు కలిపే చెమ్మచెక్క, పిడికిళ్ళ మీద పిడికిళ్ళు పేర్చే గుడుగుడుగుంచం, బారుగా చాచిన కాళ్ళను లెక్కపెట్టే కాళ్ళాగజ్జ, ముఖం దాచి చూపే దోబూచి. షెర్బోర్న్ చెప్పిన మూడు సంబంధాల్లో మొదటి రెండూ వీటిలో నిండుగా ఉన్నాయి. మూడోది నాన్నలూ బాబాయిలూ పిల్లలతో చేసే ఉత్తుత్తి కుస్తీలో ఉంది. దోబూచిలో అయితే ట్రానిక్ చెప్పిన తప్పిపోవడం, మళ్ళీ దొరకడం తప్ప మరేమీ లేదు.

పసిబిడ్డ స్నానాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పెద్దావిడ పీట మీద కాళ్ళు చాచి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, ఎడమ చేతినీ కుడి కాలినీ కలిపి, మళ్ళీ అటుదిటు మార్చి, చివర గోరువెచ్చటి నీళ్ళు పోసి సాంబ్రాణి పట్టడం తెలుగు ఇళ్ళల్లో తరతరాల ఆనవాయితీ. ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడరిక్ లెబాయర్ ఇలాంటి మర్దనను కలకత్తాలో శాంతల అనే తల్లి చేస్తుండగా చూసి 1976లో ఆమె పేరుతోనే పుస్తకం రాశాడు. పశ్చిమ దేశాల్లో తల్లులకు శిశు మర్దన నేర్పే తరగతులకు అది ఊపునిచ్చింది. మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు నీళ్ళు పోసే ఆవిడ పొద్దున్నే వచ్చి పని ముగించి పక్క ఫ్లాటుకు వెళ్తుంది. ఆమె చేతి నేర్పు గొప్పది. అయినా ఆ అరగంటలో కొంత భాగం తల్లి చేతికీ తండ్రి చేతికీ రావాలి. నీళ్ళు ఆవిడే పోయనీ, నూనె తండ్రి రాయవచ్చు.

పండుగల్లో కూడా ఈ కదలిక ఉంది. బతుకమ్మ చుట్టూ వంగి లేచి చప్పట్లు కొడుతూ తిరిగే వలయంలో అమ్మ కొంగు పట్టుకున్న పిల్ల అడుగు తనంతట తానే నేర్చుకుంటుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరగడమూ అంతే. తెలంగాణ, ఆంధ్ర కుటుంబాలు ఒకే ప్రాంగణంలో ఉండే మియాపూర్‌లో పిల్లలకు రెండు వలయాలూ అందుబాటులో ఉన్నాయి. ఆటలూ పండుగలూ చికిత్సతో సమానం అనడం ఇక్కడ ఉద్దేశం కాదు. సాఫీగా సాగే ఇంటికి ఆట చాలు. బిడ్డ ముట్టుకోనివ్వకపోయినా, తల్లికి బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోయినా, ఆట ఎందుకు మొదలవడం లేదో చూడగలిగే శిక్షణ పొందిన కన్ను కావాలి.

సైబరాబాద్ పిల్లలు, పెద్దల ఒళ్ళు

రోజంతా కుర్చీలో కూర్చున్న ఒంటికి సాయంత్రం నేల మీద కూర్చోవడమే ఒక శ్రమ. మెడ, నడుము, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. బిడ్డ మీదికి ఎక్కగానే ఒళ్ళు ముందు వద్దంటుంది, నోరు తర్వాత అంటుంది. పిల్లలు ఆ మొదటి జవాబునే వింటారు. అందుకే కొందరు థెరపిస్టులు మొదట పెద్దవాళ్ళ ఒంటితో పని మొదలుపెడతారు: భుజాలు దించడం, పాదాలు నేలకు ఆనించడం, ఊపిరి నిదానించడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్ళ లోపు పిల్లల కదలికపై మార్గదర్శకాలు వెలువరించింది. ఏడాది లోపు బిడ్డకు తెర అసలు వద్దు. మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. ఏడాది దాటితే రోజుకు 180 నిమిషాలు ఏదో ఒక కదలిక ఉండాలి. రెండేళ్ళ నుంచి తెర గంట మించకూడదు. ఏడో అంతస్తు ఫ్లాటులో ఆ 180 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయన్నది ఇక్కడి తల్లిదండ్రులను రోజూ వేధించే ప్రశ్న.

చట్టం కొంత తోడొచ్చింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పింది. తండ్రుల సెలవు గురించి ప్రైవేటు రంగానికి వర్తించే నిబంధన అందులో లేదు. నాన్న ఒళ్ళు బిడ్డకు అలవాటయ్యే తొలి వారాలు కంపెనీ దయ మీద ఆధారపడి ఉండడం సరికాదు.

ఆటిజం ఉన్న పిల్లలు

ఆటిజం ఉన్న బిడ్డ తల్లి ఎక్కువగా చెప్పే బాధ ఒకటే: నా వైపు చూడడం లేదు. డాన్స్ థెరపీ ఇక్కడ తిరగేసి అడుగుతుంది. వాడు చూస్తున్న వైపు మనం చూస్తున్నామా? బిడ్డ వేళ్ళు ఆడిస్తుంటే ఆపించకుండా, పక్కన కూర్చుని అదే వేగంతో మన వేళ్ళూ ఆడించడం మొదటి పలకరింపు. ఒక్కోసారి బిడ్డ ఆగి, మన చేతిని చూస్తాడు. సంభాషణ అక్కడ మొదలవుతుంది.

బిడ్డ లయకు తల్లి స్పందన కలపడం వల్ల ఫలితం ఉంటుందని చెప్పే గట్టి ఆధారం మన ఉపఖండం నుంచే ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలతో జరిగిన పాస్ అనే పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నిపుణులైన వైద్యులు కాకుండా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి చూపిస్తూ పనిచేశారు. బిడ్డతో తల్లిదండ్రుల లయ మెరుగుపడింది, బిడ్డ తనంతట తాను సంభాషణ మొదలుపెట్టడమూ పెరిగింది. అది డాన్స్ థెరపీ కాదు. కానీ రెండింటికీ పునాది ఒకటే.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కుటుంబాలకు శిక్షణ ఇస్తుంది. 2021 జూన్‌లో ఆరేళ్ళ లోపు పిల్లల కోసం దేశవ్యాప్తంగా మొదలైన ముందస్తు చికిత్సా కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది. మియాపూర్ తల్లిదండ్రులు ప్రైవేటు సెంటర్ల ఫీజులు లెక్క వేసుకునే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళి రావడం మంచిది.

నాట్యం క్లాసు వేరు

మియాపూర్ చుట్టుపక్కల నాట్యానికి కొదవ లేదు. కూచిపూడి, భరతనాట్యం, సినిమా డాన్సు, జుంబా క్లాసులు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లోనే జరుగుతాయి. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు బాచుపల్లి ప్రాంగణంలో ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాట్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. నాట్య శిక్షణ వల్ల పిల్లలకు ఒంటి పట్టు, ఏకాగ్రత, సంస్కృతితో పరిచయం కలుగుతాయి. అయితే అక్కడ కదలికకు ఒప్పూ తప్పూ ఉంటాయి, ఉండాలి కూడా. గజ్జె కట్టిన పిల్ల లోపల నేర్చుకుంటుంటే తల్లి బయట కుర్చీలో ఫోను చూస్తూ కూర్చుంటుంది. చికిత్సలో ఆ తలుపు తెరిచి తల్లిని లోపలికి పిలుస్తారు. నాట్యం చేసే పిల్లలున్న ఇళ్ళల్లో ఒక చిన్న మార్పుతో ఎంతో మేలు జరుగుతుంది. ఆ రోజు నేర్చుకున్న అడుగును బిడ్డ గురువై అమ్మకు నేర్పాలి. అమ్మ తడబడాలి. బిడ్డ దిద్దాలి.

ఆధారాలు ఎంతవరకు

ఈ చికిత్స గురించి గొప్పలు చెప్పేవాళ్ళ మాటలు జాగ్రత్తగా వినాలి. కుంగుబాటు మీద దీని ప్రభావాన్ని 2015లో సమీక్షించిన కోక్రేన్ బృందానికి ప్రమాణాలకు నిలిచిన అధ్యయనాలు మూడే దొరికాయి. వాటిలో పాల్గొన్నవాళ్ళు మొత్తం 147 మంది. అంత తక్కువ ఆధారంతో గట్టిగా ఏమీ తేల్చలేమని ఆ బృందం చెప్పింది. 2019లో జర్మనీ పరిశోధకురాలు సబీన్ కోఖ్ బృందం 41 అధ్యయనాలను, 2,374 మందిని కలిపి లెక్కించినప్పుడు ఆందోళన, కుంగుబాటు తగ్గడంలోనూ ఇతరులతో మెలిగే తీరులోనూ ఒక మోస్తరు మేలు కనిపించింది. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి పాల్గొనే చికిత్స మీద జరిగిన పని ఎక్కువగా చిన్న బృందాలతో, ఒక్కో కుటుంబం కథను వివరంగా రాసిన అధ్యయనాలతో సాగింది. పునాదిగా ఉన్న శిశు మనస్తత్వ శాస్త్రం మాత్రం బలమైనది. నమ్మదగిన ఆశ ఇది, హామీ కాదు.

థెరపిస్టు ఎవరు

భారతదేశంలో ఈ రంగానికి తొలి దారి వేసినవాళ్ళలో త్రిపుర కశ్యప్ ఒకరు. అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, 2005లో ఈ విషయంపై పుస్తకం రాశారు. కోల్‌కతాలో సోహిని చక్రవర్తి 2004లో స్థాపించిన కోల్‌కతా సంవేద్, అక్రమ రవాణా నుంచి బయటపడ్డ అమ్మాయిలతో నృత్య చలన చికిత్స చేస్తూ, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి కోర్సు నడిపింది. పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో చలన చికిత్సకులను చేర్చి, కళ, నృత్య చికిత్సకులను అందులో పేర్కొంది.

చట్టం జాబితాలో చేరినంత మాత్రాన బోర్డు పెట్టిన ప్రతివాళ్ళూ చికిత్సకులు కారు. వారాంతపు వర్క్‌షాపు చేసి వచ్చినవాళ్ళూ, ఏళ్ళ తరబడి పర్యవేక్షణలో పనిచేసినవాళ్ళూ ఒకే పేరు వాడుకుంటున్నారు. ఎక్కడ చదివారు, ఎన్ని గంటలు ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, మా బిడ్డ విషయంలో ఏ మార్పు కోసం చూస్తారు, అది రాకపోతే ఎప్పుడు ఆపుతారు అని తల్లిదండ్రులు మొదటి రోజే అడగాలి. వీడియో తీస్తే అది ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగాలి. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి, లోపల ఏం జరిగిందో చెప్పని చోటికి రెండోసారి వెళ్ళనక్కర్లేదు.

జాగ్రత్తలు

మెడ నిలవని పసిబిడ్డను గాల్లోకి ఎగరేయకూడదు, కుదపకూడదు. మెదడుకు దెబ్బ తగులుతుంది. మూర్ఛ, గుండె జబ్బు, కీళ్ళ సమస్య ఉన్న పిల్లల విషయంలో ముందుగా పిల్లల డాక్టరును అడగాలి. ముట్టుకోవద్దని బిడ్డ ఒంటితో చెప్పినా మాటతో చెప్పినా ఆ క్షణమే ఆగాలి. బామ్మ ముద్దు పెట్టుకుంటానన్నా, నాన్న చక్కిలిగిలి పెడతానన్నా ఇదే నియమం. ఇంట్లో కొట్టడం, వేధింపు ఉన్నచోట తల్లిదండ్రులను, బిడ్డను కలిపి కదిలించడం హాని చేయవచ్చు. అక్కడ ముందు బిడ్డ భద్రత, దానికి పిల్లల సహాయ ఫోను నంబరు 1098 ఉంది.

మాట ఆలస్యమైన బిడ్డకు స్పీచ్ థెరపీ మానేసి దీన్ని పెట్టుకోవడం పొరపాటు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఎదుగుదల లోపాల పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ ద్వారా, ప్రభుత్వ బడి ద్వారా ఆ బృందాలను కలవవచ్చు. కాన్పు తర్వాత వారాల తరబడి నిద్ర లేక, ఏడుపు ఆగక, బిడ్డను చూసినా ఏమీ అనిపించని తల్లికి మొదట కావలసింది మనోవైద్యుడు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆమె కాస్త తేరుకున్నాక బిడ్డతో కలిసి ఊగే పని మొదలుపెట్టవచ్చు. అప్పటివరకు బిడ్డను ఎత్తుకుని లయ కలపవలసింది నాన్న, అమ్మమ్మ, నానమ్మ.